‘మావారికి ఏం కాదు కదా మేడమ్?’



మార్చి 24 ప్రపంచ క్షయ దినం. 1882లో అదే రోజున రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని ప్రకటించాడు. ఏటా మన పిల్లలు ఆ రోజున చార్టులు గీస్తారు, అసెంబ్లీలో మాట్లాడతారు. ఈసారి ఆరోగ్యం పేజీ మాత్రం పిల్లల కోసం కాదు, మీకోసం రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. సీనియర్ క్లాసులకు జీవశాస్త్రం చెబుతాను, హెల్త్ క్లబ్ చూసుకుంటాను. ఈ వ్యాసానికి కారణం ఒక ఫోన్ కాల్.

కిందటి విద్యా సంవత్సరంలో ఒక సాయంత్రం ఒక తల్లి ఫోన్ చేశారు. పేరు, బ్రాంచి చెప్పను. “మేడమ్, మావారికి టీబీ అన్నారు. పాపని స్కూల్‌కి పంపొచ్చా? మిగతా పేరెంట్స్‌కి తెలిస్తే ఏమంటారో!” అన్నారు. పాపకు దగ్గు, జ్వరం లేకపోతే నిరభ్యంతరంగా పంపండి, డాక్టర్‌కి మాత్రం ఒకసారి చూపించండి అన్నాను. ఇక పెట్టేస్తారనుకుంటే పెట్టలేదు. కాసేపాగి, గొంతు తగ్గించి అడిగారు: “మావారికి ఏం కాదు కదా మేడమ్?”

ఆయనకు నలభై దాటాయి. షుగర్ ఉంది. మూడు నెలలుగా దగ్గు. ముగ్గురు డాక్టర్లు మారారు. ప్యాంట్లు వదులైపోతుంటే వాకింగ్ వల్ల సన్నబడ్డాననుకుని సంతోషించారట. ఆ రోజు నేను ధైర్యం చెప్పాను గానీ నా జవాబు నాకే తృప్తిగా అనిపించలేదు. అందుకే ఆ రెండో ప్రశ్నకు ఇక్కడ వివరంగా జవాబు రాస్తున్నాను. ఊపిరితిత్తుల టీబీ వచ్చిన మనిషి కోలుకోవడం, కోలుకోకపోవడం దేని మీద ఆధారపడి ఉంటుంది? అందులో ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్నది ఎంత?

జబ్బు పాతదే, మందు ఉన్నదే

మందులు లేని కాలంలో టీబీ వచ్చినవారిలో దాదాపు సగం మంది చనిపోయేవారు. మన పెద్దవాళ్లు ‘క్షయ’ అనే మాటను ఇప్పటికీ మెల్లగా పలకడానికి కారణం అదే. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం తెరిచిన రోజుల్లో రోగికి ఇవ్వగలిగింది ప్రధానంగా మంచి గాలి, విశ్రాంతి, తిండి. అవి కొందరిని నిలబెట్టాయి, చాలామందిని నిలబెట్టలేకపోయాయి.

మందులు వచ్చాక కథ మారింది. ఆ మార్పులో మన పొరుగున ఉన్న మద్రాసుకు పెద్ద పాత్ర ఉంది. 1956లో అక్కడ మొదలైన ఒక పరిశోధనలో రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శానిటోరియంలో మంచం, మంచి భోజనం, నర్సుల మధ్య ఉంచారు. రెండో గుంపును వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి అవే మందులు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే ఇద్దరి ఫలితాలూ ఇంచుమించు సమానం. ఇంటి దగ్గర ఉన్న రోగుల వల్ల వారి కుటుంబసభ్యులకు అదనంగా జబ్బు సోకిందీ లేదు. ఈ రోజు టీబీ వచ్చిన మనిషిని ఎక్కడో దాచకుండా ఇంట్లోనే ఉంచి నయం చేస్తున్నామంటే దానికి పునాది ఆ పరిశోధనే.

ఇప్పుడు సాధారణ టీబీకి ఆరు నెలల మందులు సక్రమంగా వాడినవారిలో వందకు 85 మందికి పైగా నయమవుతోంది. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో మన దేశంలో 3 లక్షల మందికి పైగా టీబీతో చనిపోయారు. ఇంత మందికి దొరుకుతున్న మందు వీళ్లనెందుకు కాపాడలేకపోయింది?

ఆలస్యం

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. టీబీ ఒక్క రోజులో పడేసే జబ్బు కాదు. దగ్గు వస్తుంది, పోతుంది. సాయంత్రానికి కాస్త జ్వరం, రాత్రి చెమటలు, తిండి సయించకపోవడం. మనిషి ఆఫీసుకు వెళ్తూనే ఉంటాడు. లోపల మాత్రం ఊపిరితిత్తి వారం వారం పాడవుతూ ఉంటుంది. మందు క్రిమిని చంపగలదు గానీ పాడైన ఊపిరితిత్తిని పూర్తిగా కొత్తది చేయలేదు. అందుకే ఎంత త్వరగా పట్టుకుంటే ప్రాణానికీ, ఆ తర్వాతి జీవితానికీ అంత మంచిది.

ఆలస్యం పేదవాళ్ల ఇళ్లలోనే జరుగుతుందనుకోకండి. డబ్బున్న ఇళ్లలో ఆలస్యం ఇంకో రకంగా జరుగుతుంది. మొదట మెడికల్ షాపులో దగ్గు సిరప్. తర్వాత ఏసీ పడలేదని, పొల్యూషన్ అని, అలర్జీ అని తలో మాట. ఆ తర్వాత ఒక యాంటీబయాటిక్ కోర్సు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. లీవోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ టీబీ క్రిమిని కొంతవరకు అణచగలవు. వారం వాడితే దగ్గు తగ్గినట్టే ఉంటుంది. జబ్బు పోదు, దాక్కుంటుంది. అందరూ హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మొదలవుతుంది, ఈలోపు రెండు నెలలు గడిచిపోతాయి. డాక్టర్ మారిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, ఎందుకంటే కొత్త డాక్టర్‌కి మీ దగ్గు వయసు తెలియదు. మీరే చెప్పాలి.

రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి. ఇది మన జాతీయ కార్యక్రమం పెట్టుకున్న నియమం. ఛాతీ ఎక్స్‌రే ఉపయోగపడుతుంది గానీ ఎక్స్‌రే ఒక్కటే చూసి టీబీ అనీ, కాదనీ తేల్చడం సరికాదు. సీబీనాట్ అనే యంత్రం కళ్లెలో టీబీ క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో సుమారు రెండు గంటల్లో చెబుతుంది. ట్రూనాట్ అని మన దేశంలోనే, గోవాలో తయారైన చిన్న యంత్రం కూడా అదే పని చేస్తుంది. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. ఉదయాన్నే లోతుగా దగ్గి తీసిన కళ్లె ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా.

ఆలస్యానికి ఇంకో పేరు సిగ్గు. పెళ్లి సంబంధాలు చూస్తున్న అమ్మాయి దగ్గును, కొత్త కోడలి దగ్గును, కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి దగ్గును ఇంట్లోవాళ్లే కప్పిపెడతారు. ఎవరి పరువు కోసం దాస్తున్నామో ఆ మనిషే మంచం పడుతుంది.

మొదటి రెండు నెలలు, బరువు మిషన్

టీబీ తేలాక సంభవించే మరణాల్లో ఎక్కువ భాగం చికిత్స మొదలైన తొలి రెండు నెలల్లోనే జరుగుతాయి. ఇది చాలామందికి తెలియదు. “మందులు మొదలుపెట్టాం కదా” అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయంలోనే అసలు జాగ్రత్త అవసరం.

తమిళనాడు ఈ విషయాన్ని గట్టిగా పట్టించుకుంది. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ టీబీ తేలిన పెద్దవాళ్లందరిలో మొదట మూడు విషయాలు చూస్తున్నారు. మనిషి బాగా చిక్కిపోయాడా? ఊపిరి వేగంగా ఉందా, ఆక్సిజన్ 94 కంటే తక్కువ ఉందా? ఎవరి సాయం లేకుండా నిలబడగలడా? వీటిలో ఏది తేడాగా ఉన్నా, ఇంటికి మాత్రలిచ్చి పంపకుండా ఆసుపత్రిలో చేర్చి చూస్తారు. ఇందులో పెద్ద ఖరీదైన పరీక్ష ఏదీ లేదు. బరువు మిషన్, కొవిడ్ రోజుల్లో మనందరం కొన్న ఆక్సీమీటర్, ఒక గడియారం చాలు. మీ ఇంట్లో ఎవరికైనా టీబీ అంటే ఈ మూడూ మీరు గమనించి డాక్టర్‌కి చెప్పవచ్చు. నిమిషానికి 24 సార్ల కంటే ఎక్కువ ఊపిరి తీసుకుంటున్నా, లేచి నిలబడలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకండి.

ఇక బరువు సంగతి. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 వరకు ‘రేషన్స్’ అనే పేరుతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2,800 మంది ఊపిరితిత్తుల టీబీ రోగులకు మందులతో పాటు నెలకు 10 కిలోల ఆహారం ఇచ్చారు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. వాళ్లలో నూటికి 80 మందికి పైగా ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నవాళ్లే. మొదటి రెండు నెలల్లో శరీర బరువు 5 శాతం పెరిగినవారిలో మరణించే ప్రమాదం సుమారు 60 శాతం తక్కువగా కనిపించింది. 40 కిలోల మనిషికి 5 శాతం అంటే 2 కిలోలు. రెండు కిలోలకు ఇంత తేడా! బరువు పెరగడమనేది కొంతవరకు మందు పనిచేస్తోందనడానికి గుర్తు కూడా, కాబట్టి మొత్తం గొప్పతనం పప్పన్నానిదే అనలేం. కానీ అదే అధ్యయనంలో రోగి ఇంట్లోని మిగతావారికి కూడా ఆహారం ఇచ్చినచోట, వారిలో కొత్తగా టీబీ రావడం సుమారు 40 శాతం తగ్గింది. తిండికీ టీబీకీ ఉన్న సంబంధం ఉత్త మాట కాదు.

మరి మద్రాసు పరిశోధనలో మంచి భోజనం పెట్టిన శానిటోరియం వాళ్లకూ, ఇంటి తిండి తిన్నవాళ్లకూ తేడా రాలేదు కదా అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఆ పరిశోధన చెప్పింది, మందులు క్రమంగా పడితే క్రిమి పోవడానికి రాజభోజనం అక్కర్లేదని. జార్ఖండ్ చెప్పింది, ఎముకల గూడుగా వచ్చిన మనిషికి ఆ ఆరు నెలలు తట్టుకునే బలం తిండి నుంచే రావాలని. తిండి బాగయ్యాక మందులు మొదలుపెడదాం అనుకోవడం ఎంత తప్పో, మందులున్నాయి కదా తిండి ఎలా ఉంటేనేం అనుకోవడమూ అంతే తప్పు.

మన ఇళ్లలో ఇంకో సమస్య ఉంది: పథ్యం. దగ్గు అనగానే పెరుగు కఫం చేస్తుందని, గుడ్డు వేడి అని, అరటిపండు చలువ అని ఒక్కొక్కటీ మానిపించి చివరికి మనిషిని చారు అన్నానికి తెస్తాం. దయచేసి అలా చేయకండి. టీబీ రోగికి మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు, వేరుశనగలు, తినేవాళ్లకు చేప, మాంసం. వందల రూపాయల ప్రోటీన్ పౌడర్ డబ్బా తప్పనిసరేం కాదు. వారానికోసారి అదే మిషన్ మీద బరువు చూసి క్యాలెండర్‌లో రాయండి. రెండు నెలలైనా ముల్లు కదలకపోతే, ఇంకా తగ్గుతుంటే, ఆ క్యాలెండర్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

షుగర్ ఉన్నవారికి

మన తెలుగు ఇళ్లలో ఇది విడిగా చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకంటే షుగర్ లేని ఇల్లు వెతకాల్సిన రోజులివి. షుగర్ ఉన్నవారికి టీబీ వచ్చే అవకాశం మిగతావారి కంటే రెండు మూడు రెట్లు. వచ్చాక మరణించే ప్రమాదం దాదాపు రెట్టింపు. తగ్గాక మళ్లీ తిరగబెట్టే అవకాశం కూడా ఎక్కువే. పైగా షుగర్ ఉన్నవారి ఎక్స్‌రేలో మచ్చ ఒక్కోసారి మామూలుగా కనిపించే పైభాగంలో కాకుండా ఊపిరితిత్తి కింది భాగంలో ఉండి, న్యుమోనియా అని పొరపడేలా చేస్తుంది.

టీబీ తేలిన ప్రతి మనిషికీ షుగర్ పరీక్ష, హెచ్‌ఐవీ పరీక్ష చేయాలన్నది నియమం. హెచ్‌ఐవీ పరీక్ష అనగానే కొందరు అవమానంగా భావిస్తారు. అది అనుమానంతో చేసేది కాదు, అందరికీ చేసేదే. ఒకవేళ ఉంటే ఆ మందులు కూడా త్వరగా మొదలుపెట్టడం ప్రాణాన్ని కాపాడుతుంది.

రిఫాంపిసిన్ కొన్ని రకాల షుగర్ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. నిన్నటిదాకా అదుపులో ఉన్న షుగర్ టీబీ మందులు మొదలయ్యాక పెరిగిపోవచ్చు. అప్పుడు తిండి తగ్గించడం పరిష్కారం కాదు. చిక్కిపోయిన మనిషి కడుపు మాడిస్తే షుగర్ దిగుతుందేమో గానీ టీబీకి బలం దొరకదు. డాక్టర్ మాత్రల మోతాదు మారుస్తారు, కొంతకాలం ఇన్సులిన్ పెట్టవచ్చు. ఇన్సులిన్ పేరు వినగానే భయపడి మానకండి. షుగర్ చూసే డాక్టర్‌కి టీబీ సంగతి, టీబీ చూసే డాక్టర్‌కి షుగర్ సంగతి తెలియాలి. ఇద్దరి చీటీలూ ఒకే ఫైలులో పెట్టండి. బీపీ మందులు, గుండె మందులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు కూడా అవి ముందే చెప్పాలి.

మధ్యలో ఆపేస్తే

ఆరు నెలల్లో మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు. సాధారణంగా ఒకే మాత్రలో కలిపి, బరువును బట్టి రోజుకు ఎన్ని అని ఇస్తారు. రెండో నెలకల్లా దగ్గు పోతుంది, ఆకలి వేస్తుంది, ముఖం తేటపడుతుంది. చాలామంది ఆపేసేది అప్పుడే. చురుగ్గా ఉన్న క్రిములు చచ్చాయి, మందకొడిగా నిద్రపోతున్నవి మిగిలి ఉన్నాయి. వాటికోసమే ఆ నాలుగు నెలలు. మధ్యలో ఆపితే అవి తిరిగి లేస్తాయి, కొన్నిసార్లు మందుకు లొంగని రకంగా లేస్తాయి. లొంగని టీబీకి కూడా ఇప్పుడు ఆరు నెలల మాత్రల కోర్సును మన ప్రభుత్వం 2024లో ఆమోదించింది. ఒకప్పుడు అది ఏడాదిన్నర పైమాట. అయినా ఆ దారి కష్టమైనది, అక్కడ చనిపోయేవారి శాతమూ ఎక్కువ.

మందులు పడక ఆపేసేవారు కూడా ఉంటారు. వాళ్లను తిట్టి లాభం లేదు, నిజంగానే వికారం ఉంటుంది. మూత్రం నారింజ రంగులో వస్తే భయం లేదు, అది మందు రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా ఆ రోజే డాక్టర్‌ని కలవాలి. అరికాళ్లు, వేళ్లు మొద్దుబారితే కూడా చెప్పాలి, దానికి విటమిన్ మాత్ర ఉంది. మద్యం తాగేవారికి ఈ ఆరు నెలలు కాలేయం మీద రెట్టింపు భారం. పొగతాగడం కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది, జబ్బు తిరగబెట్టేలా కూడా చేస్తుంది. ఇందులో ఇంట్లోవాళ్లకు ఇష్టమైన ‘వారానికి ఒక్క పెగ్గు’ మినహాయింపు ఏదీ లేదు.

ఇంట్లో అరవై దాటినవారుంటే వారి దగ్గును వయసు ఖాతాలో వేయకండి. వృద్ధుల్లో జ్వరం పెద్దగా కనిపించకపోవచ్చు. తాతయ్య అన్నం సగమే తింటున్నారు, నానమ్మ చీర కుచ్చెళ్లు ఎక్కువ వస్తున్నాయి, అంతే తెలుస్తుంది. టీబీ మరణాల్లో వయసు ఒక పెద్ద కారణం, దాన్ని మనం మార్చలేం. పరీక్ష రెండు వారాల ముందు చేయించడం మాత్రం మన చేతిలోనే ఉంది.

కోర్సు పూర్తయ్యాక కూడా చెకప్ మానకండి. టీబీ నయమైనవారిలో ఆ తర్వాతి సంవత్సరాల్లో మరణించే రేటు మామూలు జనం కంటే సుమారు మూడు రెట్లు ఉన్నట్టు వివిధ దేశాల అధ్యయనాలు చూపించాయి. మిగిలిపోయిన ఊపిరితిత్తుల దెబ్బ, పొగ, షుగర్ దీనికి కారణాలు.

పిల్లల సంగతి

మందులు సరిగ్గా పనిచేయడం మొదలైతే సుమారు రెండు వారాల్లో ఎదుటివారికి అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అప్పటిదాకా మాస్క్, తెరిచిన కిటికీలు, వేరే పడక చాలు. కంచం, గ్లాసు, బట్టల ద్వారా టీబీ అంటుకోదు. ఇది గాలి ద్వారా వచ్చే జబ్బు.

“బీసీజీ వేయించాం కదా” అని చాలామంది అంటారు. బీసీజీ చిన్నపిల్లలను మెదడు టీబీ లాంటి ప్రమాదకరమైన రకాల నుంచి బాగా కాపాడుతుంది, పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల టీబీని అంతగా ఆపదు. కాబట్టి ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల టీబీ తేలితే అందరూ పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేదని తేలినవారికి రాకుండా ముందుగానే ఇచ్చే మందు ఉంది. వాటిలో ఒక రకం వారానికి ఒకసారి, 12 వారాలు వేసుకునేది. ఐదేళ్లలోపు పిల్లలుంటే ఇది అసలు వాయిదా వేయకండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి, డ్రైవర్, వాచ్‌మన్ కుటుంబం ఎవరైనా దగ్గుతుంటే వాళ్లను పని మానిపించడం కాదు, పరీక్షకు పంపించడం మీ పిల్లలకూ మంచిది.

ప్రైవేటు డాక్టర్ దగ్గర చూపించుకున్నా టీబీ కేసును ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. దాన్ని చూసి కంగారు పడకండి. అలా నమోదైతేనే ఉచిత మందులు, నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి. సందేహాలకు ప్రభుత్వ ఉచిత నంబరు 1800 11 6666.

ఆ పాప నాన్నగారు మొన్నటి పీటీఎంకి స్వయంగా వచ్చారు. మొదటి నెలలో మూడు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చిందని, ఇన్సులిన్ ఇంకా వాడుతున్నారని చెప్పారు. బరువు పెరిగినందుకు ప్యాంట్లు మళ్లీ సరిపోతున్నాయట. పాప ఆ ఆరు నెలల్లో ఒక్క రోజు కూడా క్లాసు మానలేదు, ఆమె కూడా 12 వారాల మాత్రలు పూర్తి చేసింది.

మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి వస్తే మీ క్యాంపస్ హెల్త్ రూమ్‌లో సిస్టర్‌కి గానీ, క్లాస్ టీచర్‌కి గానీ విడిగా చెప్పండి. క్లాసులో గానీ, పేరెంట్స్ గ్రూపులో గానీ ఆ విషయం రాదు. విద్యార్థికే టీబీ తేలితే డాక్టర్ ‘రావచ్చు’ అని రాసిచ్చేదాకా సెలవు ఇస్తాం, ఆ రోజుల నోట్స్, వర్క్‌షీట్లు ఇంటికి పంపిస్తాం. హాస్టల్ పిల్లల్లో రెండు వారాలు దాటిన దగ్గు కనిపిస్తే వార్డెన్ మీకు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ వస్తే పరీక్షలు అయ్యాక చూద్దాం అనకుండా ఆ వారంలోనే వచ్చి తీసుకెళ్లండి.